వీణకు మెట్లు, కేంద్రకానికి మెట్లు

స్వామి జ్ఞానానంద గారి గురించి తెలుగులో ఎక్కడ చదివినా రెండే మాటలు కనబడుతున్నాయి. ఆయన హిమాలయాలలో యోగసాధన చేశారు, పిదప అణుశాస్త్రజ్ఞులయ్యారు. ఈ రెంటినీ ముడివేసి "అన్నీ మన వేదాలలోనే ఉన్నాయి" అని ముగిస్తారు. ప్రయోగశాలలో కూర్చుని ఆయన కొలిచినదేమిటో మాత్రం చెప్పరు. మిత్రులారా, ఈ ధోరణితో నాకు పేచీ ఉన్నది.

మా కోనసీమ నుండి వసిష్ఠ దాటితే నరసాపురం, ఆ మీదట భీమవరం, దాని చేరువనే గొరగనమూడి. 1896లో అక్కడ భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా జన్మించిన ఈయన ప్రాగ్‌లో ఎక్స్ కిరణాల వర్ణపటాలను, లివర్‌పూల్‌లో చాడ్విక్ వద్ద బీటా కిరణాల వర్ణపటాలను పరిశోధించారు. 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి, అక్కడ కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పారు. ఆ ప్రయోగశాలలు ఆయన పేరు మీదనే ఉన్నాయి. 1947లో శూన్యం గురించి ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రకటించారు. సన్న్యాసి శూన్యం గురించి వ్రాశాడనగానే వేదాంతమనుకునేరు! అది పాత్రలోని గాలిని పంపులతో తోడివేసే విద్య. బీటా కిరణమంటే ఎలక్ట్రాను. దానిని అయస్కాంతంతో వంచి, ఎంత వంగిందో చూసి శక్తిని లెక్కగట్టాలంటే దారిలో గాలి అడ్డురాకూడదు.

ఇంతకూ ఆ కొలతలెందుకు? నేను భాష చెప్పినవాడినే కాని భౌతికం చెప్పినవాడిని కాను. అయినా నాకు బోధపడినంత వ్రాస్తాను.

కేంద్రకం తనకు తోచినంత శక్తిని ఉంచుకోలేదు. దానికి నియమితమైన మెట్లున్నాయి. పై మెట్టు నుండి క్రింది మెట్టుకు దిగేటప్పుడు ఆ ఎత్తుల భేదమెంతో అంత శక్తిగల గామా కిరణం వెలువడుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ శక్తిని తన చుట్టూ తిరిగే ఎలక్ట్రానుకిచ్చి దానిని వెళ్ళగొడుతుంది. దేనిని కొలిచినా తెలిసేది మెట్ల ఎత్తే. మెట్టు అన్న మాట నేను కావాలనే వాడుతున్నాను. వీణకూ మెట్లే కదా! పైకి పోయేకొద్దీ వీణమెట్లు దగ్గరపడినట్లే, పై శక్తులలో కేంద్రకపు మెట్లూ ఒత్తుగా ఉంటాయి.

కోబాల్టు-60నే తీసుకోండి. అది బీటా కణాన్ని విడిచి నికెల్-60గా మారుతుంది. ఆ నికెల్ సుమారు 2505 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల మెట్టు మీద పుట్టి, 1173, 1332 అనే రెండు అంగలలో నేలకు దిగుతుంది. ఆ రెండు కిరణాలూ ఒక్క కేంద్రకానివేనని ఎలా తెలిసింది? ఇరువైపులా రెండు గ్రాహకాలు పెట్టి, రెంటిలోనూ ఒకేసారి పడినవాటినే లెక్కించారు. వాటిలో ఏది ముందో అంతమాత్రాన తేలదు. దానికి వేరే సాక్ష్యం కావాలి. ఈ ఓపికను నేను తపస్సంటాను. స్వామివారి యోగం నాకు కనబడేది ఇక్కడ.

విశాఖ దాకా పోనక్కరలేదు. రావులపాలెం మార్కెట్లోని అరటిపండులోనూ పొటాషియం-40 ఉన్నది. పండు ఒక్కింటికి క్షణానికి, అంటే సెకనుకు, సుమారు ఒక గామా కిరణం 1461 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల వద్ద వెలువడుతుంది. భయపడవద్దు, మన ఒంట్లోనూ అదే ఉన్నది. తమాషా ఏమంటే, పొటాషియం గీత అని అందరూ పిలిచే అది నిజానికి ఆర్గాన్-40 కేంద్రకానిది. పొటాషియం ఆర్గాన్‌గా మారిన తరువాతనే ఆ మెట్టు దిగడం. అత్తవారింటికి వచ్చి ఎన్నేళ్ళయినా కోడలిని పుట్టింటివారి పేరుతోనే పిలిచినట్లు!

కంటికి కనబడని గామాకు రంగేమిటి, "వర్ణపటం" తప్పు మాట కదా అని ఒక మిత్రుడు ఆక్షేపించారు. వర్ణమంటే రంగు మాత్రమేనా? వర్ణమాలలోని వర్ణం అక్షరం కదా! 1461 కనబడితే పొటాషియం, 1173, 1332 జంటగా కనబడితే కోబాల్టు అని గీతలు చదివి పోల్చుకుంటున్నప్పుడు, అవి అక్షరాలు కాక మరేమిటి? ఆ మాట మార్చనక్కరలేదని నా అభిప్రాయం. ఇంతకన్న మేలైనది ఎవరికైనా తోచితే తెలుపగలరు. ఆయన పరిశోధన పత్రాలను చదివి, ఏ మెట్టు ఎలా కొలిచారో తెలుగులో వ్రాయగల భౌతికశాస్త్రజ్ఞులు మనలో ఉంటే పూనుకోవాలని వేడుకోలు. పదాల దగ్గర ఇబ్బంది వస్తే నేనున్నాను.