కొండ సగంలో కూర్చున్నవారిని లేపకండి

కార్తిక మాసం వచ్చిందంటే ఆదివారాలు తెల్లవారకముందే పర్చూరు నుంచి కార్లూ వ్యాన్లూ బయల్దేరతాయి. కోటప్పకొండ, కొండవీడు, ఎత్తిపోతల, ఇంకాస్త ఓపిక ఉంటే భైరవకోన. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరే ప్రయాణాలివి. పులిహోర, పెరుగన్నం, మంచినీళ్ల క్యాను, పిల్లల టోపీలు అన్నీ గుర్తుంటాయి. ఆ కొండ ఎక్కబోయే నాన్న వయసు యాభై మూడనీ, అమ్మకు పదేళ్లుగా షుగరనీ మాత్రం సగం మెట్లు ఎక్కేదాకా ఎవరికీ గుర్తుకు రాదు.

వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. తప్పకుండా వెళ్లండి. ఏడాదంతా ఫోన్లకూ టీవీకీ అతుక్కుపోయిన కుటుంబం ఒక రోజంతా కలిసి నడవడం కంటే మంచి మందు నా చీటీలో లేదు. చెప్పదలచుకున్నది మధ్యలో ఆగిపోయే మనిషి గురించి.

మనది నల్లరేగడి మైదానం. పత్తి చేలు, మిర్చి కల్లాలు దాటి ఎంత దూరం చూసినా నేల చదునే. ఊళ్లో ఎత్తయినది ఏదంటే వాటర్ ట్యాంకును చూపించాలి. పొలం పనికి వెళ్లేవారి సంగతి వేరు. ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకునే మనం బజారుకు బండి మీదే వెళ్తాం, నాలుగిళ్ల అవతల పాల ప్యాకెట్టుకూ బండి తీస్తాం. అలా పదకొండు నెలలు గడిపిన గుండెనూ మోకాళ్లనూ పన్నెండో నెలలో ఒక ఆదివారం ఉన్నట్టుండి వందల మెట్లు ఎక్కమంటాం.

గుండె వైద్యులు చేసే ట్రెడ్‌మిల్ పరీక్ష చూసే ఉంటారు. మూడు నిమిషాలకోసారి బెల్టు వేగం పెంచుతారు, దాని వాలూ పెంచుతారు. ఛాతీకి ఈసీజీ తీగలుంటాయి, చేతికి బీపీ పట్టీ ఉంటుంది, గీత తేడాగా కనిపించిన క్షణంలో ఆపడానికి డాక్టరు పక్కనే ఉంటారు. కొండ మెట్లు కూడా గుండెకు అదే పరీక్ష. కాకపోతే ఇక్కడ తీగలుండవు, డాక్టరుండడు. 'ఇంకెంత బావా, వచ్చేసింది' అని వెనక నుంచి తోసే బావమరిది ఉంటాడు.

ఆయాసం వస్తే మనవాళ్లు చెప్పే కారణం ఒకటుంది: కొండ మీద గాలి పలచగా ఉంటుందట. హిమాలయాల్లో అయితే నిజమే. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. కోటప్పకొండ 500 మీటర్లు కూడా లేదు. తిరుమల కొండలు సైతం ఎత్తులో దానికి సగానికి చాలా తక్కువ. కాబట్టి మన కొండల మీద ఎవరికైనా ఊపిరి ఆడకపోతే గాలిని తప్పు పట్టకండి. అలవాటు లేకపోవడం కావచ్చు, రక్తహీనత కావచ్చు, ఉబ్బసం కావచ్చు, గుండె రక్తనాళం పూడుకుపోతూ ఉండవచ్చు.

ఏది ఏదో మెట్ల మీద నిలబడి ఎలా తెలుస్తుంది? అలవాటు లేని ఆయాసమైతే కూర్చున్న ఐదు నిమిషాల్లో తగ్గుతుంది, మాట పూర్తిగా చెప్పగలుగుతారు, ముఖం ఎర్రబడుతుందే తప్ప పాలిపోదు. ఛాతీ మధ్యలో ఎవరో బరువు పెట్టినట్టు ఉండడం, ఆ బిగువు దవడకో ఎడమ చేతికో భుజానికో పాకడం, చల్లని చెమట, కళ్లు చీకట్లు కమ్మడం, వికారం వేరే సంగతి. కూర్చున్నాక అవి తగ్గిపోయినా ఆ రోజుకి ఎక్కడం ముగిసినట్టే, మర్నాడు ఈసీజీ తీయించాల్సిందే. షుగరు చాలాకాలంగా ఉన్నవారిలో నరాలు మొద్దుబారి ఛాతీ నొప్పే తెలియకపోవచ్చు. ఆడవారిలోనూ చాలాసార్లు నొప్పి కంటే ఆయాసం, విపరీతమైన నీరసమే ముందు కనిపిస్తాయి. పొట్ట పైభాగంలో మంట అనిపిస్తే మనం దానికి 'గ్యాస్' అని పేరు పెట్టి, సోడా తాగించి, మళ్లీ ఎక్కిస్తాం. ఈ సోడా వైద్యంతో పోయే గంట చాలా విలువైనది.

యాభై ఏళ్లకే గుండెపోటేమిటని అనుకోకండి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలోని దక్షిణాసియా వివరాలు 2007లో వెలువడ్డాయి. తొలి గుండెపోటు సగటు వయసు మిగతా దేశాల్లో 59 దగ్గర ఉంటే మన ప్రాంతంలో 53. అంటే వ్యాను మాట్లాడేదీ, అందరికంటే ముందు నడిచి పెద్దరికం చూపించేదీ సరిగ్గా ఆ వయసువారే.

ఆగిపోయిన మనిషికి నొప్పి కంటే ముందు వచ్చేది సిగ్గు. కోడలి ముందు, మనవడి ముందు, తోటి ఉద్యోగుల ముందు 'నా వల్ల కాదు' అనడానికి నోరు రాదు. ఆ సిగ్గును పెంచేది మనమే. 'డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఎక్కుతోంది, నీకేం రోగం' అని నవ్వుతాం. మొక్కు ఉంటే మరీ కష్టం, ఆగితే దేవుడికి బాకీ పడ్డట్టు భావిస్తారు.

వీరికి కోటప్పకొండ స్థలపురాణమే గుర్తుచేయాలి. రోజూ రుద్రశిఖరం ఎక్కి స్వామిని సేవించిన ఆనందవల్లి గర్భవతి అయ్యాక, ఇక ఎక్కలేనని మొర పెట్టుకుంది. ఎక్కాల్సిందేనని స్వామి అనలేదు. నీ వెంట నేనే దిగి వస్తాను, వెనక్కి తిరిగి చూడకు అన్నాడు. ఆమె తిరిగి చూసిన చోట, బ్రహ్మశిఖరం మీద ఆగిపోయాడు. ఈనాడు మనం దర్శనం చేసుకునే గుడి అక్కడిదే. దారిలో గొల్లభామ గుడి కూడా ఉంది. ఎక్కలేనన్న భక్తురాలి కోసం దేవుడే సగం దూరం దిగి వచ్చిన కొండ మీద, ఘాట్ రోడ్డులో కారెక్కి వెళ్తే పుణ్యం తగ్గుతుందా?

బయల్దేరే ముందు రాత్రే ఇంట్లో ఒక మాట అనుకోండి: ఎవరు ఆగినా వారితో ఒకరు ఆగుతారు, ఎందుకని అడగరు. ఒంటరిగా 'నువ్విక్కడే కూర్చో, మేం వెళ్లొస్తాం' అని వదిలేయడం వద్దు. మనిషి కళ్లు తిరిగి పడిపోయేది మీరు కనుమరుగయ్యాకే. ఛాతీ బిగువు పది నిమిషాలు దాటినా తగ్గకపోతే నడిపించి దించకండి. కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేసి, వాహనం దాకా మోయించండి. ఆస్పిరిన్ పడకపోవడం, అల్సరు, రక్తస్రావం వంటి ఇబ్బందులు లేనివారైతే 300 మిల్లీగ్రాముల మాత్ర నమిలించవచ్చు. గుంటూరు పెద్దాసుపత్రికే వెళ్దామని దారిలో ఉన్న ప్రభుత్వాసుపత్రిని దాటిపోకండి. ముందు ఈసీజీ తీయించండి. రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను మన రాష్ట్రంలో ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. బయట దాని ఖరీదు వేలల్లో ఉంటుంది. గుండెకు ఎంత త్వరగా పడితే అంత కండరం మిగులుతుంది.

ఇక షుగరు. కార్తిక సోమవారం ఉపవాసం ఉంటారు, పొద్దున మాత్ర మామూలుగా వేసుకుంటారు, మెట్లెక్కుతారు. ఉపవాసం, మాత్ర, మెట్లు మూడూ ఒకే రోజు పొసగవు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వాడేవారికీ ఇన్సులిన్ తీసుకునేవారికీ రక్తంలో చక్కెర 70 కంటే దిగువకు పడిపోయేది ఇలాంటి రోజునే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం తక్కువ. మాత్ర మానాలా, సగం చేయాలా అన్నది మీ అంతట మీరు తేల్చుకోవద్దు, వారం ముందే మీ డాక్టరును అడగండి. చేతులు వణకడం, చెమటలు, చిరాకు, తికమకగా మాట్లాడడం కనిపిస్తే ఉపవాసం సంగతి పక్కనపెట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, పావుగంట తర్వాత ఏదైనా తినిపించండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకండి. ఎక్కిన శ్రమ ప్రభావం ఆ రాత్రి దాకా ఉంటుంది, పడుకునే ముందు ఒకసారి షుగరు చూసుకోవడం మంచిది.

చెప్పుల్లేకుండా ఎక్కే మొక్కు షుగరు ఉన్నవారికి వద్దనే చెబుతాను. కాలిన రాయి వేడి, గుచ్చుకున్న ముల్లు వారికి తెలియవు. మా ఓపీకి వచ్చే మానని పుండ్లలో కొన్నింటి కథ ఇలాగే మొదలవుతుంది. మందపాటి సాక్సులు వేసుకోండి, ఇంటికొచ్చాక అరికాళ్లు వెలుతురులో చూపించుకోండి.

పెద్ద ఆపరేషన్ల ముందు మేం అడిగే పాత ప్రశ్న ఒకటుంది: రెండంతస్తులు ఆగకుండా ఎక్కగలరా? కొండకు వెళ్లబోయే నలభై దాటిన ప్రతి ఒక్కరూ నెల ముందే ఇది చేసి చూడాలి. మధ్యలో ఆగాల్సి వస్తే ముందు డాక్టరు దగ్గరికి, తర్వాతే కొండకు. ఎక్కగలిగితే ఆ నెలంతా రోజూ అరగంట వేగంగా నడిచి, చివర్లో మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగండి. దిగడం ముఖ్యం. గుండెకు ఎక్కడం కష్టమైతే మోకాళ్లకు దిగడం కష్టం. తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపాలి, అందుకే మర్నాడు కంటే రెండో రోజు నొప్పి ఎక్కువ. చేతికర్ర తీసుకెళ్తే నామోషీ ఏమీ లేదు.

జలపాతాల దగ్గర నాకున్న భయం వేరు. ఎత్తిపోతలలో చంద్రవంక డెబ్బై అడుగుల మీంచి దూకుతుంది. భైరవకోన వాగు మామూలు రోజుల్లో పిల్లలు ఆడుకునేంతే ఉంటుంది. పైన ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు ఉరికి వస్తుంది. రంగు మారినా చెత్త కొట్టుకొచ్చినా వెంటనే గట్టెక్కండి. నాచు పట్టిన రాతి మీద సెల్ఫీ వద్దు.

నల్లమలలో చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్లండి. పాము కరిస్తే కోయడం, తాడు బిగించడం, పసరు కోసం తిరగడం వద్దు. కాలు కదలకుండా ఉంచి దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకురండి, విరుగుడు అక్కడే ఉంటుంది.

పొదల్లో, గడ్డిలో కూర్చుని వనభోజనాలు చేసినవారికి మరో మాట. అక్కడుండే నల్లి జాతి పురుగు కుట్టినప్పుడు నొప్పి తెలియదు. వారం పది రోజుల తర్వాత తీవ్రమైన జ్వరం, తలనొప్పి వస్తాయి. చంకలోనో గజ్జల్లోనో నడుము మడతలోనో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు ఒకటి కనిపించవచ్చు. అది స్క్రబ్ టైఫస్. సకాలంలో డాక్సీసైక్లిన్ పడితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులకూ మూత్రపిండాలకూ ముప్పు. అప్పటికి కొండకు వెళ్లొచ్చిన సంగతి మీరు మరిచిపోయి ఉంటారు, డాక్టరూ అడగకపోవచ్చు. యాత్ర అయిన మూడు వారాల్లోపు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఏ రోజున ఎక్కడికి వెళ్లొచ్చారో మీరే ముందు చెప్పండి.