ఓడింది వాళ్లే, గెలుస్తున్నదీ వాళ్లే

2023 డిసెంబర్ 26 రాత్రి. మిషిగన్ రాష్ట్రం కాంటన్‌లో మా చెల్లెలి ఇల్లు. మా మేనల్లుడికి అప్పటికి పదమూడేళ్లు. వీపు మీద పెద్దగా 2 అంకె ఉన్న నీలం జెర్సీ తొడుక్కుని సోఫా అంచున కూర్చున్నాడు. చెల్లెలు పెరుగన్నం కలిపి, ఆవకాయ ముక్క వేసి గిన్నె చేతికిచ్చింది. రెండు ముద్దలు తిన్నాడేమో, అంతే. టీవీలో డెట్రాయిట్ పిస్టన్స్ సొంతూళ్లో బ్రూక్లిన్ నెట్స్‌తో ఆడుతోంది. అప్పటికే వరసగా 26 మ్యాచ్‌లు ఓడి ఉంది.

ఆ 2 నంబరు జెర్సీ కేడ్ కన్నింగ్‌హామ్‌ది. ఆ రాత్రి అతను 41 పాయింట్లు వేశాడు. అందులో చాలా భాగం రెండో సగంలోనే. ఒంటి చేత్తో లాక్కొస్తున్నాడనిపించింది. అయినా 118-112తో ఓడిపోయారు. ఇరవై ఏడు. ఒకే సీజన్‌లో ఇన్ని మ్యాచ్‌లు వరసగా ఓడిన జట్టు ఎన్‌బీఏలో అంతకు ముందు లేదు. జట్టును అమ్మేసి పొమ్మని యజమానిని ఉద్దేశించి స్టేడియమంతా అరుస్తోంది. మా బావ లేచి టీవీ కట్టేయబోయాడు. మేనల్లుడు రిమోట్ అందుకుని, గిన్నె కింద పెట్టి, నా వైపు తిరిగాడు.

"మామయ్యా, శనివారం మ్యాచ్‌కి తీసుకెళ్తావా?"

2025 నవంబర్ నెలంతా ఆ ప్రశ్న నాకు పదే పదే గుర్తొచ్చింది. అదే డెట్రాయిట్ ఆ ఏడాది అక్టోబర్ 29 నుంచి నవంబర్ 24 దాకా వరసగా 13 మ్యాచ్‌లు గెలిచింది. 1989-90లో ఒకసారి, 2003-04లో ఒకసారి తప్ప అప్పటిదాకా ఆ క్లబ్ చరిత్రలో ఇంత పొడవైన గెలుపుల వరస లేదు. ఆ రెండు సీజన్లలోనూ పిస్టన్స్ చాంపియన్లు. నవంబర్ 26 బుధవారం బోస్టన్‌లో 117-114తో ఓడేదాకా ఆ వరస సాగింది. అప్పటికి 15 గెలుపులు, 3 ఓటములు. ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానం.

వీళ్లెవరో కొత్తవాళ్లు కారు. కేడ్ కన్నింగ్‌హామ్, జేలెన్ డ్యూరెన్, ఆసార్ థాంప్సన్, ఐజయా స్టూవర్ట్. 2023లో చివరికి వరసగా 28 ఓడిన జట్టుకు వెన్నెముక ఈ నలుగురే. 2025లో గెలిచిన జట్టుకూ వెన్నెముక ఈ నలుగురే. ఆ ఓటముల మధ్యలో, నవంబర్ 18న, డ్యూరెన్‌కి ఇరవై ఏళ్లు నిండాయి. మన దగ్గరైతే డిగ్రీ రెండో ఏడు, మూడో ఏడు చదువుతుండే వయసు.

సీజన్ మొదటి వారం చూసి జట్టు జాతకం రాసేవాళ్లకు డెట్రాయిట్ మూడు ఆరంభాలను వరసగా చూపించాలని నా కోరిక. 2023లో తొలి మూడు మ్యాచ్‌లలో రెండు గెలిచారు. ఓడినది కూడా మయామి చేతిలో ఒకే ఒక్క పాయింటుతో, 103-102. ఆ వారం చూసినవాళ్లు ఈ ఏడు కుర్రాళ్లు గాడిన పడ్డారనుకున్నారు. ఆ తర్వాత రెండు నెలల పాటు గెలుపన్నదే లేదు. 2024లో మొదటి నాలుగూ ఓడారు. మళ్లీ మొదలైందిరా బాబూ అనుకున్నాం. ఆ ఏడాది 82లో 44 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. 2025లో తొలి నాలుగింటిలో రెండు గెలుపులు, రెండు ఓటములు. నాలుగోది క్లీవ్‌లాండ్ చేతిలో 116-95తో చిత్తు. అక్కడి నుంచే పదమూడు గెలుపులు మొదలయ్యాయి. మూడింటిలోకీ బాగున్న ఆరంభం ఏదయ్యా అంటే, అన్నిటికన్నా ఘోరమైన ఏడాదిదే!

మా నాన్న ఖరీఫ్‌లో మొదటి వాన పడగానే విత్తనం వేసేవాడు కాదు. మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపి చూసేవాడు. పైన తడి ఉండి లోపల పొడిగా ఉంటే ఇంటికొచ్చేసేవాడు. ఆట చూడటం కూడా అలాంటి పనే అనుకుంటాను. గెలుపోటముల పట్టిక పై తడి మాత్రమే.

2023లో లోపలి మట్టి ఎలా ఉండేదో మేనల్లుడి పక్కన కూర్చుని చూశాను. బాస్కెట్‌బాల్‌లో దూరం నుంచి బంతి వేయగలిగేవాళ్లు ఇద్దరు ముగ్గురు కోర్టులో ఉండాలి. అప్పుడే ఎదుటి జట్టు వాళ్లకోసం బయటికి వస్తుంది, రింగు కింద ఖాళీ దొరుకుతుంది. ఆ డెట్రాయిట్‌లో అలాంటివాళ్లు తక్కువ. బొయాన్ బొగ్దానొవిచ్‌కి ఆ చేయి ఉంది. కానీ ఆ వరస మొదలైన నెలంతా గాయంతో ఆడలేదు. అనుభవం ఉన్న మాంటే మారిస్‌దీ గాయమే. దాంతో కేడ్ బంతి పట్టుకుని లోపలికి దూసుకెళ్తే ముగ్గురు మీద పడేవారు. పాస్ ఇస్తే చేజారేది. ఇవ్వకపోతే షాట్ తప్పేది. కొత్త కోచ్ మాంటీ విలియమ్స్‌తో ఆ వేసవిలోనే ఆరేళ్లకు 7.85 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. ఎన్‌బీఏలో ఏ కోచ్‌కీ అప్పటిదాకా అంత ఇవ్వలేదు. ఆయన జేడెన్ ఐవీ లాంటి చురుకైన కుర్రాణ్ణి సీజన్ ఆరంభంలో బెంచీకి పరిమితం చేశాడు. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇంకా నిలదొక్కుకోని పిల్లలకు నమ్మకం అన్నిటికన్నా ముందు కావాలి. అది వాళ్లకు దొరకలేదు.

డిసెంబర్ 28న బోస్టన్‌లో 28వ ఓటమి. అది అన్నిటిలోకీ బాధ పెట్టింది. సగం ఆటకు 66-47తో డెట్రాయిట్ పందొమ్మిది పాయింట్లు ముందుంది. బోస్టన్ లెక్క సరిచేసింది. ఓవర్‌టైమ్‌లో 128-122తో పోయింది. గెలవడం ఎలాగో తెలియక కాదు, గెలుస్తామన్న నమ్మకం చివరి ఐదు నిమిషాల్లో చేతుల్లోంచి జారిపోయేది. బంతి తీసుకున్నవాడు రింగు వైపు చూసే ముందు పక్కవాడి వైపు చూసేవాడు. నువ్వు వేస్తావా అన్నట్టు.

మేమిద్దరం శనివారం వెళ్లాం. 2023 డిసెంబర్ 30, డెట్రాయిట్ నడిబొడ్డున లిటిల్ సీజర్స్ అరేనా. ఎదుటి జట్టు టొరంటో. ఆ రోజే వాళ్లు తమ ముఖ్య ఆటగాణ్ణి ఓజీ అనునోబీని న్యూయార్క్‌కి ఇచ్చేశారు. మా పక్క సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యానని చెప్పాడు. కోటు విప్పలేదు. ఓడిపోయేలా ఉంటే వెంటనే వెళ్లిపోవడానికేమో అనుకున్నాను. మూడో క్వార్టర్ మధ్యలో విప్పి, మడిచి, ఒళ్లో పెట్టుకున్నాడు. ఆఖరి నిమిషంలో ఆ మడత మీద రెండు చేతులూ బిగించి పట్టుకున్నాడు. 129-127. కేడ్ 30 పాయింట్లు, 12 అసిస్ట్‌లు. అరుపులతో చెవులు దిబ్బళ్లు పడ్డాయి. రెండు గెలుపులు, 29 ఓటములున్న జట్టు మూడో మ్యాచ్ గెలిస్తే ఇంత సంబరమా అని ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. ఆ పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ మావాడి తల నిమిరాడు.

ఈ ఊరికి బాస్కెట్‌బాల్ జట్టు ఎందుకంత ముఖ్యమో ఆ రోజు కొంత అర్థమైంది. జట్టు పేరు కూడా ఇంజన్‌లో ఆడే పిస్టనే. జట్టును పెట్టిన ఫ్రెడ్ జోల్నర్‌కి ఫోర్ట్ వేన్‌లో పిస్టన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. 1957లో కార్ల ఊరైన డెట్రాయిట్‌కి జట్టును తెచ్చాడు. ఆ కార్ల పరిశ్రమే మనవాళ్లను కూడా అక్కడికి చేర్చింది. నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్ ఊళ్లలో ఎన్ని తెలుగు కుటుంబాలో! 2025 జులైలో తానా మహాసభలు జరిగింది కూడా నోవైలోనే. అక్కడ పుట్టిన మన పిల్లలకు ఈ జట్టు పరాయిది కాదు, ఊరి జట్టు. 2013లో ఆ నగరం దివాలా పిటిషన్ వేసిన నాటి కష్టం మన కుటుంబాల్లోనూ కొందరు చూశారు.

2024 ఏప్రిల్ నాటికి లెక్క 14 గెలుపులు, 68 ఓటములు. క్లబ్ చరిత్రలో అంతకన్నా అధ్వానమైన ఏడాది లేదు. కోచ్‌ని ఒక్క సీజన్‌కే పంపించేశారు. ఒప్పందంలో ఇంకా ఐదేళ్లు మిగిలే ఉన్నాయి. ట్రేజన్ లాంగ్డన్ కొత్త అధ్యక్షుడిగా వచ్చాడు. అతను చేసిన వాటిలో గొప్ప పని, నా లెక్కలో, చేయకుండా ఆగిన పని: కుర్రాళ్లను అమ్ముకోలేదు. 28 మ్యాచ్‌లు వరసగా ఓడిన పిల్లలను వదిలించుకుని కొత్తగా మొదలుపెట్టమని సలహా ఇచ్చేవాళ్లకు ఆ వేసవిలో కొదవ లేదు. అతను వాళ్ల చుట్టూ మనుషులను చేర్చాడు. టోబయస్ హారిస్, టిమ్ హార్డవే జూనియర్, మాలిక్ బీజ్లీ. ముగ్గురూ ఆరితేరినవాళ్లు, దూరం నుంచి వేయగలిగినవాళ్లు. బీజ్లీ ఒక్కడే ఆ సీజన్‌లో 319 త్రీ పాయింటర్లు వేశాడు. రింగు కింద ఖాళీ దొరికింది. కేడ్‌కి ఊపిరాడింది. క్లీవ్‌లాండ్ వద్దనుకున్న జె.బి. బికర్‌స్టాఫ్‌ని కోచ్‌గా తెచ్చారు. ఆయన డిఫెన్స్ దగ్గర మొదలుపెట్టాడు. పాయింట్లు వేయడం అందరికీ ఒకే రోజు రాదు, అడ్డుకోవడానికి పరిగెత్తడం మాత్రం ఎవరైనా చేయగలరు.

14 గెలుపుల నుంచి 44కి వచ్చారు. ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్‌తో రెండో మ్యాచ్ 100-94తో గెలిచినప్పుడు 2008 నుంచి మోస్తున్న 15 వరస ప్లేఆఫ్ ఓటముల బరువు దిగింది. ఆ సిరీస్ 4-2తో పోయింది. నాలుగో మ్యాచ్ ఒక్క పాయింటుతో పోయింది. చివరి షాట్ వేస్తున్న హార్డవే మీద ఫౌల్ జరిగిందని, తాము విజిల్ వేయాల్సిందని రిఫరీలే ఆట అయ్యాక ఒప్పుకున్నారు. మావాడు ఆ రాత్రి నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేదు. లైన్‌లో ఉన్నాడంతే.

ఇక 2025 నవంబర్ 10 నాటి వాషింగ్టన్ మ్యాచ్. ఈ జట్టు ఎంత మారిందో ఆ ఒక్క ఆట చూస్తే తెలుస్తుంది. కేడ్ 45 సార్లు బంతి వేస్తే పడింది 14 సార్లే. 31 తప్పాయి. అంతకు రెండేళ్ల ముందు పది తప్పితేనే తల దించుకునే పరిస్థితి. ఆ రోజు తప్పిన ప్రతిసారీ పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చి మళ్లీ డిఫెన్స్‌లో నిలబడ్డాడు. 46 పాయింట్లు, 12 రీబౌండ్లు, 11 అసిస్ట్‌లు. అయినా చివర్లో వెనకబడితే, లెక్క సమం చేసిన త్రీ పాయింటర్ వేసింది డానిస్ జెంకిన్స్. అప్పటికి పూర్తి ఒప్పందం కూడా లేని కుర్రాడు. కింది లీగ్‌కీ పై లీగ్‌కీ మధ్య తిరిగే టూ-వే ఒప్పందం అతనిది. ఓవర్‌టైమ్‌లో 137-135తో గెలిచారు. జెంకిన్స్ బంతి అందుకుని పక్కకు చూడలేదు. రింగు వైపే చూశాడు. ఆ తర్వాత కేడ్ గాయంతో కూర్చున్న మ్యాచ్‌లు కూడా ఈ జట్టు గెలిచింది.

పొగిడేటప్పుడు కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ పదమూడులో బలహీనమైన జట్ల మీద వచ్చిన గెలుపులు చాలానే ఉన్నాయి. ఆ వాషింగ్టన్ అప్పటికి ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి ఉంది. రెండుసార్లు ఓడించిన ఇండియానాలో ప్రధాన ఆటగాడు టైరీస్ హాలిబర్టన్ ఆ సీజనంతా లేడు, అంతకు ముందు ఫైనల్స్‌లో మడమ దగ్గరి స్నాయువు తెగింది. మిల్వాకీ మ్యాచ్‌లో ఆ జట్టు ప్రధాన ఆటగాడు యానిస్ లేడు. అప్పటికి ఇంకా 64 మ్యాచ్‌లు ఉన్నాయి. 2015లో గోల్డెన్ స్టేట్ తొలి 24 మ్యాచ్‌లూ గెలిచింది. సీజన్‌ని 73 గెలుపులతో ముగించింది. అయినా ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం నుంచి ఓడి ట్రోఫీ క్లీవ్‌లాండ్‌కి అప్పగించింది. జూన్‌లో ఏమవుతుందో నవంబర్ చెప్పదు. డెట్రాయిట్ చాంపియన్ అవుతుందని నేను అప్పుడు అనలేదు. దూరం నుంచి వేసేవాళ్లు ఇంకొకరిద్దరు కావాలన్నది అప్పటి నా అభిప్రాయం. డంకన్ రాబిన్సన్ ఒక్కడి మీదే ఆ భారం పెడితే ప్లేఆఫ్స్‌లో ఇరుకున పడతారనిపించింది.

నేను అడిగేది వేరే. ఆ నవంబర్‌లో వాషింగ్టన్ కుర్రాళ్ల గురించి రాసిన రాతలు చూశాను. తొలి రెండింటిలో ఒకటి గెలిచి, ఆ తర్వాత వరసగా 14 ఓడారు. ఇరవై ఏళ్లు నిండీ నిండని పిల్లలను పనికిరానివాళ్లని తేల్చేశారు. వీళ్లలో ఎవరు కేడ్ అవుతారో, ఎవరు డ్యూరెన్ అవుతారో నవంబర్‌లో ఎవరికి తెలుసు? ఆ 28 ఓటముల మధ్యలో డెట్రాయిట్ పిల్లల మీద రాసినవి ఇప్పుడు తీసి చదివితే రాసినవాళ్లకే మనసు చివుక్కుమంటుంది.

బోస్టన్‌లో ఓడిన మర్నాడు, గురువారం పొద్దున్నే మావాడు ఫోన్ చేశాడు. అప్పటికి పదిహేనేళ్లొచ్చాయి, గొంతు మారింది. పదమూడు దగ్గర ఆగింది, క్లబ్ రికార్డు దాటలేకపోయారు, అదీ బోస్టన్‌లో. ఆ 28వ ఓటమి చూసిన ఊళ్లోనే. ఏమైనా బాధపడుతున్నాడేమోనని నెమ్మదిగా కదిపాను.

"మూడు పాయింట్లే కదా మామయ్యా" అన్నాడు. "శుక్రవారం ఒర్లాండోతో ఇక్కడే. పదమూడూ మొదలైంది వాళ్లతోనే. నాన్న టికెట్లు తీశారు."

జెర్సీ పొట్టిదైపోయిందట. అదే వేసుకెళ్తానన్నాడు.