దారిలో దొరికే అక్షరాలు



ఉడుమలైపేట నుండి బోడిపట్టి, తళి మీదుగా తిరుమూర్తి కొండ వైపు సైకిలుపై వెళ్లి చూడండి. రోడ్డు అంచున ఆరబోసిన మొక్కజొన్న, కొబ్బరికాయల లారీ, తరిమే కుక్క, అడ్డంగా పరుగెత్తే నెమలి ఎదురవుతాయి. జూన్ నుండి సెప్టెంబరు వరకు పాలక్కాడు కనుమ గుండా వచ్చే పడమటి గాలి, గాలిమరలను తిప్పుతూ సైకిలును పక్కకు తోస్తుంది.

మన పిల్లలు ఇటువంటి దారులలోనే బడికి వస్తారు. ఇంట తెలుగే మాట్లాడతారు. కాని 'గాలి' అని రాయమంటే చేయి ఆగిపోతుంది. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడులలో పదవ తరగతి వరకు తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. తమిళం నేర్వవలసినదే, అది మనం బ్రతుకుతున్న నేల భాష. అయితే బడిలో దొరకని తెలుగు అక్షరం ఇంట కూడా దొరకకపోతే, ఈ తరంతో చదువు, వచ్చే తరంతో మాట ఆగిపోతాయి.

నా విన్నపం ఒక్కటే. సైకిలు దిగిన బిడ్డను "ఈ రోజు దారిలో ఏమేమి చూశావు?" అని అడగండి. చెప్పినవానిలో ఐదు మాటలు తెలుగులో రాయించండి. నెమలి, గాలి, లారీ వంటి తేలిక పదాలు ముందు. కుక్క, మొక్కజొన్న వంటి ఒత్తుల పదాలు తరువాత. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం కనుక, ఆ భేదాన్ని ఓపికగా చెప్పండి. మీ ఇంటి మాట పుస్తకపు మాటకు భిన్నమైనా కొట్టివేయకండి.

రోజుకు పది నిమిషాలు చాలును. రేపే మొదలుపెట్టగలరని ఆశిస్తున్నాను.