పల్లెదారిలో బౌద్ధాలయాలు

ప్రయాణం వేరు, యాత్ర వేరు. ప్రయాణం మనిషిని ఒకచోటి నుండి మరొకచోటికి చేరుస్తుంది. యాత్ర అతని దృష్టిని మారుస్తుంది. నేటి పర్యాటకులలో అధికులు ప్రసిద్ధ కట్టడాల ఎదుట నిలిచి ఛాయాచిత్రాలు తీసుకొని, చూడవలసినదంతా చూశామన్న తృప్తితో ఇంటికి చేరుతున్నారు. చైనాకు వెళ్లేవారి విషయంలోనూ ఇదే జరుగుతున్నది. బీజింగులోని రాజప్రాసాదం, మహాకుడ్యం, షాంఘై ఆకాశహర్మ్యాలు చూడటంతో వారి యాత్ర ముగుస్తుంది. కాని ఆ దేశపు హృదయాన్ని, భారతదేశంతో దానికి గల ప్రాచీన బాంధవ్యాన్ని తెలుసుకోగోరేవారు పల్లెదారులు పట్టాలి. అక్కడి బౌద్ధాలయాల గడప తొక్కాలి.

ఇందుకు ఉత్తర చైనాలోని షాన్సీ రాష్ట్రం చక్కని ఉదాహరణ. తూర్పున తైహాంగ్ పర్వతశ్రేణి, పడమట పసుపునది దానికి ఎల్లలు. గాలికి కొట్టుకువచ్చి పేరుకొన్న పసుపుపచ్చని మెత్తటి మట్టితో ఏర్పడిన మిట్టలు, వాటిని తొలిచి నిర్మించుకొన్న గుహల వంటి ఇళ్లు, మెట్లుమెట్లుగా సాగే కొర్ర, జొన్న, మొక్కజొన్న చేలు అక్కడ కనిపిస్తాయి. ఆ చేల నడుమ, కొండల ఒడిలో, వేల ఏళ్ల చరిత్ర దాగి ఉంది. ఆ రాష్ట్రంలో 28,000కు పైగా ప్రాచీన కట్టడాలు నిలిచి ఉన్నాయి. చైనాలో తాంగ్ వంశపు కాలం నాటి కొయ్య కట్టడాలుగా నేడు గుర్తింపు పొందినవి వేళ్లమీద లెక్కించదగినవే. వాటిలో అధికభాగం షాన్సీలోనే ఉన్నాయి.

ఈ సంపద విలువ లోకానికి తెలిసిన వైనం ఆసక్తికరమైనది. 1930 దశకంలో కొందరు జపాను పండితులు, తాంగ్ కాలపు కొయ్య కట్టడం చైనాలో ఒక్కటీ మిగలలేదని, దానిని చూడాలంటే జపానులోని నారా నగరానికి వెళ్లవలసిందేనని భావించేవారు. ఈ మాట చైనా వాస్తుశాస్త్రవేత్తలు ల్యాంగ్ సుచెంగ్, లిన్ హుయిన్ దంపతులకు మింగుడుపడలేదు. డున్‌హువాంగ్ గుహలోని ఒక కుడ్యచిత్రంలో వుతాయ్ పర్వతం మీది ఆలయాలను చూసి, వారు 1937 వేసవిలో సహచరులతో అక్కడికి బయలుదేరారు. రైలు దిగి, కంచరగాడిదలపై కొండదారులు దాటి, ఒక మారుమూల లోయలోని ఫోగువాంగ్ ఆలయానికి చేరారు. పైకప్పు క్రింది చీకటిలో వేల గబ్బిలాలు. అడుగడుగునా శతాబ్దాల ధూళి. నల్లులు కుడుతున్నా లెక్కచేయక వారు రోజుల తరబడి కొలతలు తీశారు.

చివరకు ఒక దూలం అడుగున మసకబారిన అక్షరాలు లిన్ కంటబడ్డాయి. ఆలయ నిర్మాణానికి ధనమిచ్చిన నింగ్ గోంగ్‌యు అనే బౌద్ధ భక్తురాలి పేరు అందులో ఉంది. అదే పేరు ఆవరణలోని రాతిస్తంభం మీద సంవత్సరంతో సహా కనిపించింది. ఆ సంవత్సరం క్రీ.శ. 857. గర్భాలయంలో ఒక మూల నిరాడంబరంగా కూర్చున్న స్త్రీమూర్తి ఆ దాతదేనని కూడా అప్పుడే తేలింది. వేయి సంవత్సరాలకు పైగా చీకటిలో ఉన్న ఒక సామాన్య భక్తురాలి పేరును, అంతే శ్రద్ధగల మరొక స్త్రీ వెలుగులోకి తెచ్చింది. ఆ జూలైలోనే చైనా, జపానుల మధ్య యుద్ధం మొదలైంది. ఆ వార్త వారికి కొన్ని రోజుల తరువాత గాని తెలియలేదు.

ఇంతకాలం ఆ ఆలయాన్ని కాపాడినది ఏది? రాజుల బలం కాదు, సంపద కాదు; మారుమూలతనమే. క్రీ.శ. 845లో ఊజోంగ్ చక్రవర్తి బౌద్ధమతాన్ని అణచివేయదలచి వేలాది ఆలయాలను కూల్పించాడు. ఫోగువాంగ్ కూడా అప్పుడు నేలకూలి, పన్నెండేళ్లకు తిరిగి లేచినదే. కాని దానికి కొంత దూరంలో, ఒక పల్లె ప్రక్కన ఉన్న చిన్న నాన్‌చాన్ ఆలయం ఆ విధ్వంసం నుండి తప్పించుకొంది. దానిలోని దూలం మీద క్రీ.శ. 782 అనే కాలసూచన ఉంది. నగరాల్లోని మహాలయాలు మంటలకు, యుద్ధాలకు బలికాగా, ఎవరికీ పట్టని ఈ పల్లెగుడి నిలిచిపోయింది.

ఆ శిల్పుల నైపుణ్యం కూడా సామాన్యమైనది కాదు. ఇనుప మేకులపై ఆధారపడక, కుసులను బెజ్జాలలో బిగించి, చేతులు చాచినట్లుండే కొయ్య దిమ్మెలను ఒకదానిపై ఒకటి పేర్చి, బరువైన పెంకు కప్పును నిలబెట్టారు. భూమి కంపించినపుడు ఆ అతుకులు కొద్దిగా కదిలి, తిరిగి సర్దుకొంటాయి. 1056లో నిర్మించిన యింగ్‌షియన్ కొయ్య గోపురం 67 మీటర్ల ఎత్తున ఎన్నో భూకంపాలకు తట్టుకొని నేటికీ నిలిచి ఉంది.

అయితే నేడు మారుమూలతనం అనే ఆ రక్షణ కవచం తొలగిపోయింది. రహదారులు పల్లెలను చేరాయి. 2024లో విడుదలైన 'బ్లాక్ మిత్: వుకాంగ్' అనే వీడియో గేమ్‌లో షాన్సీ ఆలయాల రూపాలు కనిపించడంతో, యువకులు గుంపులు గుంపులుగా అక్కడికి తరలివచ్చారు. మరొక ప్రక్క 2021 అక్టోబరులో కురిసిన కుండపోత వానలకు ఆ రాష్ట్రంలో వందలకొద్దీ ప్రాచీన కట్టడాలు దెబ్బతిన్నాయి. కప్పులు కారాయి, గోడలు కూలాయి.

ఈ స్థితిలో రెండు వాదాలు వినిపిస్తాయి. జనం రాకపోతేనే ఆలయాలు క్షేమంగా ఉంటాయనేది మొదటిది. జనం వస్తేనే ధనం వస్తుంది, ధనం ఉంటేనే మరమ్మతు జరుగుతుందనేది రెండవది. రెండింటిలోనూ కొంత సత్యం ఉంది. ఏ ఒక్కటీ సంపూర్ణ సత్యం కాదు. ఎవరూ చూడని గుడికి చిల్లుపడిన పెంకును మార్చేవారుండరు. అందరూ త్రొక్కే గుడికి ఊపిరాడదు. పేరున్న ఆలయం రంగులు పులుముకొని కొత్తదైపోతుంది. పేరులేనిది వానకు నానిపోతుంది. కనుక ప్రసిద్ధ క్షేత్రాల ఆదాయంలో కొంత భాగం పేరులేని పల్లెగుళ్ల కప్పులకు చేరాలి. మరమ్మతు పేరిట ప్రాచీనతను చెరిపివేయరాదు. ఏ గ్రామస్థులు తరతరాలుగా తాళపుచెవులు దాచి గుడికి కాపలా కాశారో, ఆ రక్షణలో వారికి జీవనోపాధి, గౌరవం లభించాలి. వచ్చే యాత్రికుడు కూడా తెలుసుకొని రావాలి, తొందరపడక చూడాలి.

ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు. ఆ వీడియో గేమ్‌కు మూలమైన చైనా నవలకు ప్రేరణ హ్యుయెన్‌త్సాంగ్ భారతయాత్ర. ఆ మహాయాత్రికుడు ఏడవ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చి ధాన్యకటకాన్ని దర్శించాడు. అక్కడి విహారాలలో అనేకం అప్పటికే పాడుబడ్డాయని వ్రాశాడు. ఆంధ్రదేశంతో సంబంధం కలవాడని సంప్రదాయం చెప్పే ఆచార్య నాగార్జునుని గ్రంథాలను కుమారజీవుడు అయిదవ శతాబ్ది ఆరంభంలో చైనా భాషలోకి అనువదించాడు. నేటికీ చైనా బౌద్ధులు నాగార్జునుని తమ గురుపరంపరలో స్మరిస్తారు.

కాని 'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అన్నట్లు, ధాన్యకటక స్తూపపు రాళ్లు ఒకనాడు ఇళ్ల కట్టుబడికి తరలిపోయాయి. మిగిలిన శిల్పాలలో ఎన్నో చెన్నై, లండన్ నగరాలకు చేరాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వివేకం కాదు. చైనా కొండల్లో ధూళి తుడిచి ఒక పేరును చదివిన లిన్ హుయిన్ వద్ద గొప్ప అధికారమేమీ లేదు. ఉన్నది చూడాలన్న తపన, చూసినదానిని కొలిచి వ్రాసిపెట్టే ఓర్పు. ఈ రెండూ అలవరచుకొన్న విద్యార్థికి షాన్సీ లోయ ఎంత చేరువో, సొంత ఊరి చివర పిచ్చిచెట్ల మధ్య నిలిచిన శిథిలాలయమూ అంతే చేరువ. అతని యాత్ర అక్కడినుండే మొదలుకావచ్చు.