పల్లెయా? పట్టణమా?

ఊరికి బాట వేయవలెనన్నను, బస్సు నడుపవలెనన్నను ప్రభుత్వమువారు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఇచ్చటి జనులు ఏ వేళ, ఎచ్చటికి, ఏ పనిమీద పోవుచున్నారు? మన ప్రభుత్వములు దానికి ముందు వేఱొక ప్రశ్న వేయుచున్నవి: ఇది పల్లెయా, పట్టణమా? ఈ రెండవదానికి జవాబు దొరకునప్పటికి మొదటిదానిని మఱచిపోవుచున్నవి.

నిర్వచనములతో వ్యాజ్యెమాడుటయే వృత్తిగా గల మాకు ఈ నిర్వచనమును గూడ పరీక్షింప బుద్ధిపుట్టినది. మున్సిపాలిటీ, కార్పొరేషను, కంటోన్మెంటు బోర్డు వంటిది గల ఊరు చట్టప్రకారము పట్టణము. అట్టిది లేకున్నను, జనసంఖ్య 5,000కును, చదరపు కిలోమీటరునకు సాంద్రత 400కును తగ్గక, ముఖ్యవృత్తిగల పురుషులలో నూటికి 75 మందియైనను సేద్యము కాని పనులలో నున్నచో జనగణనవారు దానిని "సెన్సస్ పట్టణ"మని వ్రాసికొందురు. పరిపాలన మాత్రము పంచాయతీదే. ఇట్టివి దేశమున 2001లో 1,362 ఉండగా 2011 నాటికి 3,890కి మించినవి. కేరళములో పట్టణజనము నూటికి 26 నుండి దాదాపు 48కి పెరిగినది ప్రధానముగా ఈ లెక్కవలననే.

లెక్కలలో పట్టణము, పాలనలో పల్లె! రెంటికి చెడిన రేవడియన నిదియే. 2000లో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదాన ప్రాంతములలో 500 జనముగల ఆవాసములకు బాట నిచ్చెను; మంచిపనియే; కాని బాట బండి కాదు. 2023లో మంజూరైన ఇ-బస్ పథకము బండ్ల నిచ్చునది. అది సామాన్యముగా మూడు లక్షలు దాటిన నగరములకే, అదియు 2011 నాటి లెక్కప్రకారము. పదివేల జనముతో, దినదినము పక్కనున్న నగరమునకు పనికిపోవు ఊరు ఈ రెంటి నడుమ రోడ్డుపై నిలిచి చేయి చాపవలసినదే. తెలుగునాట బస్సుల పేళ్లు సైతము ఈ విభజననే చాటుచున్నవి: ఒకటి పల్లెవెలుగు, ఒకటి సిటీ ఆర్డినరీ. నడుమనున్న ఊరికి పేరే పుట్టలేదు.

మాకు మిక్కిలి విపరీతముగ తోచినది పురుషుల పద్దు. నగరపు ఇండ్లలో పాచిపనికిని, దుకాణములకును, మిల్లులకును తెల్లవారకమునుపే బయలుదేరు స్త్రీలు ఎందఱున్నను ఊరి స్వభావమును నిర్ణయించు లెక్కలో వారి పనికి చోటులేదు. తెలంగాణమున 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు నుండి స్త్రీలకు బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. సంతోషము. రుసుము లేకుండ ఎక్కవచ్చునని చెప్పిన ప్రభుత్వములు ఎక్కుటకు బండి ఎన్నింటికి వచ్చునో కూడ చెప్పవలదా?

ఎచ్చటనో ఒక గీత గీయక తప్పదు గదా యని కొందఱందురు. తప్పదు, కాని తలలను లెక్కించుటకు గీసిన గీత ప్రయాణములకు పనికిరాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో జనగణనవారు గీసిన పట్టణపుటెల్లను రవాణా నిమిత్తము రాష్ట్రములును, స్థానికాధికారులును కలసి విస్తరించుకొనుటకు శాసనమే అనుమతించినది. జనము 50,000 దాటిన పట్టణప్రాంతమునకు రవాణా ప్రణాళికాసంఘ ముండితీరవలెను. పరదేశపు మాట యేల? 1993లో అమలునకు వచ్చిన 74వ సవరణవలన మన రాజ్యాంగమే పల్లె పట్టణముగ మారుచున్న ప్రాంతమును వేఱుగ గుర్తించినది. పంచాయతీల ప్రణాళికలను, మున్సిపాలిటీల ప్రణాళికలను ఏకముచేయుటకు జిల్లా ప్రణాళికాసంఘములను విధించినది. గీత గీయవలసినది ఆ సంఘములే. వానిని పేరునకు నియమించి ఊరకుండుట చాలదు.

గీతకు ఆధారమైన ప్రశ్నయు మారవలెను. 2011లో పనికిపోవువారిని ఎంత దూరము, దేనిపై పోవుదురని అడిగిరి, ఎచ్చటికని అడుగలేదు. సేద్యపుపనివారిని, గృహపరిశ్రమలవారిని అదియు అడుగలేదు. 2021లో జరుగవలసిన గణనము జరుగకపోయెను; 2027 మార్చి 1 నాటి జనమును లెక్కింపనున్నట్లు 2025 జూనులో ప్రకటన వెలువడినది. ఆ లెక్కలో "ఎచ్చటికి?" అను ప్రశ్న, కూలికి పోవువానితో సహా, ప్రతివానిని అడిగితీరవలెనని మేము కోరుచున్నాము. పురుషుల పద్దును కొట్టివేయవలెననియు కోరుచున్నాము.