ఇల్లు చేరావా?

చదువుకున్నవాళ్ల మధ్య ఈమధ్య ఒక తీర్పు బాగా చలామణీ అవుతోంది. పదో తరగతి బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులు పనీపాటా లేనివాళ్ల రచ్చబండలట. అక్కడ అరిగిపోయిన జోకులు, ‘ఆ రోజులే వేరు’ అనే నిట్టూర్పులు తప్ప ఇంకేమీ ఉండవట. ఈ తీర్పు వెనక మూడు అభియోగాలున్నాయి. స్నేహమంటే మనసు విప్పి మాట్లాడుకోవడం కాబట్టి జోకు దాన్ని తప్పించుకునే దొడ్డిదారి అన్నది మొదటిది. బడి రోజుల మీద మోజు ఒక తీయని అబద్ధం అన్నది రెండోది. అంతమంది ఒకచోట చేరినప్పుడు ఊరికో బడికో పనికొచ్చేది చేయాలిగానీ ఈ ఇకఇకలు పకపకలు దేనికన్నది మూడోది.

ఇవి అనేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కారు. ఒకప్పుడు నేనూ అన్నాను. రెండేళ్లపాటు మా గ్రూపు నోరు నొక్కి, నెలకోసారి తెరిచి, ‘ఇంకా అవే జోకులా’ అని మూసేసినవాణ్ణి. ఇప్పుడు ఆ మూడు అభియోగాలూ తప్పని వాదించడానికి కూర్చున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి. 1987లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పది పరీక్ష రాసినవాళ్లం. గ్రూపు మొదలైనప్పుడు 44 మందిమి. ఇప్పుడు 40. మా గ్రూపుకు ఒక మూలజోకు ఉంది. ఆటల పోటీల రోజున పరుగు పందెం పెట్టారు. డ్రిల్ మాస్టారు విజిల్ ఊదగానే అందరూ ముందుకు పరిగెత్తితే ఒకడు మాత్రం వెనక్కి తిరిగి గేటు వైపు పరిగెత్తాడు. బడి వదిలేశారనుకున్నాడు. గేటు దాటి, చెరువుకట్ట మీదుగా ఇంటికే పోయాడు. మర్నాడు ప్రార్థనలో మాస్టారు వాణ్ణి నిలబెట్టి అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఏరా, ఇల్లు చేరావా?”

ఇవాళ వాడు పెద్ద ఆఫీసరు. గదిలోకి వస్తే జనం లేచి నిలబడతారు. అలాంటివాణ్ణి మా గ్రూపులో ఆటో నడుపుకునే మరో క్లాస్‌మేట్ దాదాపు రోజూ పొద్దున ఆరింటికి అడుగుతాడు: “ఏరా, ఇల్లు చేరావా?” ఆఫీసరు “ఇంకా దారిలోనే ఉన్నాన్రా” అంటాడు. మిగతావాళ్లు నవ్వు బొమ్మలు పెడతారు. బయటివాడు చూస్తే ఇందులో నవ్వడానికి ఏముందని అడుగుతాడు. సరైన ప్రశ్నే. జవాబు మాత్రం వాడనుకునేది కాదు.

నవ్వును ప్రయోగశాలలోంచి వీధిలోకి తెచ్చి చూసిన అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్. ఆయన బృందం బజార్లలో, కాలేజీ ఆవరణల్లో మామూలు జనం నవ్విన 1,200 సందర్భాలను రాసుకుంది. వాటిలో జోకులాంటి మాటకు పుట్టిన నవ్వు నూటికి 10 నుంచి 20 మాత్రమే. మిగిలినవన్నీ ‘సరే వస్తా మరి’, ‘అదిగో వాడొచ్చాడు’ లాంటి చప్పిడి మాటలకు వచ్చినవే. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయన తేల్చాడు. కాబట్టి ‘జోకు పాతది’ అనే ఫిర్యాదుకు అసలు అర్థమే లేదు. మేం జోకుకు నవ్వడం లేదు, ఒకరికొకరం నవ్వుతున్నాం. బళ్లో పేరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనేవాళ్లం. అది ఎంత పాత మాటైనా, రోజూ కొత్తగా చెప్పు అని ఏ మాస్టారూ అడగలేదు.

ఇక మొదటి అభియోగం. జోకులు మాని మనసు విప్పి మాట్లాడుకోవాలంటారు. మాట్లాడుకుంటే ఏమవుతుందో మేం చూశాం. ఒకసారి ఎవరో మంచి ఉద్దేశంతోనే “ఎవరెవరం ఏం చేస్తున్నామో వివరంగా రాసుకుందాం” అన్నారు. మొదటి నలుగురూ రాశారు. ఒకడికి గచ్చిబౌలిలో ఫ్లాటు, ఒకడి కూతురు డాలస్‌లో, ఒకడికి రెండు రైసుమిల్లులు, ఒకడు ఇంకొన్నేళ్లలో రిటైరు. ఐదో మనిషి రాయలేదు. ఆ తర్వాత పదిహేను రోజులు గ్రూపు చచ్చినట్టు పడి ఉంది. కౌలుకు రెండెకరాలు చేసేవాడు ఏం రాయాలి? భర్త పోయాక పుట్టింటి వరండాలో కుట్టుమిషను పెట్టుకున్న ఆమె ఏం రాయాలి? గంభీరమైన మాట మొదలవగానే ఎవరి హోదా వాళ్ల ఒళ్లోకి వచ్చి కూర్చుంటుంది. చివరికి ఆ పదిహేను రోజుల మౌనాన్ని తెంపింది ఆటోవాడే, అదే పాత ప్రశ్నతో.

రాజకీయాల సంగతి వేరే చెప్పాలా? 2024 ఎన్నికల నెలలో మా గ్రూపులో చర్చ మహా గంభీరంగా సాగింది. ముగ్గురు వెళ్లిపోయారు. జోకు వల్ల వెళ్లింది ఒక్కడే. ఆ సంగతి దాచను, తర్వాత చెబుతాను.

జోకు చేసే పని ఏమిటో తెలుగువాళ్లకు ఆంత్రోపాలజీ పుస్తకం చెప్పనక్కర్లేదు. అయినా పుస్తకంలోనూ ఉంది. 1940లో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే ఆంత్రోపాలజిస్టు ‘పరిహాసపు చుట్టరికాల’ మీద ఒక వ్యాసం రాశాడు. కొన్ని సమాజాల్లో కొన్ని వరసలవాళ్లు ఒకరినొకరు ఆటపట్టించుకోవచ్చు, కొన్నిచోట్ల ఆటపట్టించి తీరాలి కూడా. పడ్డవాడు కోపం తెచ్చుకోకూడదు. దగ్గరితనమూ ఎడమూ రెండూ ఒకేచోట ఉన్న సంబంధాల్లో తగువు రాకుండా కాచేది ఈ పరిహాసమే అని ఆయన వాదన. మనకిది బావా బావమరదుల సంగతి, వదినా మరదళ్ల సంగతి. పాత పెళ్లిళ్లలో విందు బంతి గుర్తు తెచ్చుకోండి. పెళ్లి మొత్తం మీద తల వంచుకుని తిరిగేది ఆడపిల్లవారు. కానీ వియ్యాలవారు విస్తళ్ల ముందు కూర్చోగానే ఆడపిల్లవారి ఆడవాళ్లు పాట అందుకుంటారు. పెళ్లికొడుకు మేనత్త ముక్కు దగ్గర్నుంచి వియ్యపురాలి తిండి దాకా దేన్నీ వదలరు. ఆ కాసేపు మర్యాదల నిచ్చెన అడ్డంగా పడుకుంటుంది. అవతలివాళ్లు నవ్వి తీరాలి. నవ్వకపోతే చుట్టరికం కలవలేదన్నమాట.

ఇప్పుడు మన క్లాస్‌మేట్లు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో చూడండి. ‘మామా’, ‘బావా’. ఏ చుట్టరికంతో? వీళ్లలో ఒకడి కులం వేరు, ఒకడి మతం వేరు. ఊళ్లో వాళ్ల నాన్నలు ఒకే అరుగు మీద కూర్చుని ఎరుగరు. ఊరు ఇవ్వని వరసను బడి ఇచ్చింది, అదీ ఏరి కోరి పరిహాసపు వరసనే. పదహారేళ్లకు ఇంటర్‌కొకరు, ఐటీఐకొకరు, పొలానికొకరు విడిపోయినవాళ్లకు ముప్పై ఎనిమిదేళ్లు దాటినా ఇంకా సమానంగా మిగిలిన ఆస్తి ఆ వరస ఒక్కటే. ఆఫీసరును “ఏరా” అనగల హక్కు ఆటోవాడికి ఏ రాజ్యాంగం నుంచీ రాలేదు, గేటు వైపు పరిగెత్తిన ఆ పరుగు నుంచి వచ్చింది. ‘జోకులు మానండి, హుందాగా ఉండండి’ అని సలహా ఇచ్చేవాళ్లు ఆ హక్కును లాక్కుంటున్నామని గమనించరు.

మా క్లాసులో ఆడపిల్లలు పదకొండు మంది. ఐదేళ్లు ఒకే గదిలో చదివినా మేం వాళ్లతో ఐదు మాటలు మాట్లాడలేదు. ఆ రోజుల్లో మాట్లాడితే నల్లబల్ల మీద పేరు పడేది. ఇప్పుడు గ్రూపులో ఒకరినొకరం “మీరు”, “గారు” అనుకుంటాం. ఇంటిపేర్లు మారి, కొందరి నంబర్లు భర్తల పేరు మీద ఉండి, వాళ్లను వెతకడానికే మాకు రెండేళ్లు పట్టింది. అలాంటివాళ్లతో ‘మనసు విప్పడం’ ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? మొదలైంది వాళ్లలో ఒకామె వేసిన మాటతో: “మీ మగపిల్లలందరి పేర్లూ బోర్డు మీద రాసింది నేనే. ఇప్పుడు కొట్టండి చూద్దాం.” ఆ ఒక్క మాట 1987లో మూసుకున్న తలుపు తీసింది.

రెండో అభియోగం, గతం మీద మోజు. నోస్టాల్జియా అనే మాట రోగం పేరుగానే పుట్టింది, నిజమే. 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, పరాయి దేశాల్లో ఉన్న స్విస్ జనానికి వచ్చే ఇంటి బెంగకు ఆ పేరు పెట్టాడు. రెండు గ్రీకు మాటలు కలిపాడు. ఒకదానికి అర్థం ఇల్లు చేరడం, రెండోదానికి అర్థం నొప్పి. మా వాడి పరుగుకు అంతకంటే తగిన పేరు ఇంకోటి దొరకదు.

అయితే ఆ నొప్పి మమ్మల్ని అబద్ధాలాడిస్తోందా? అబద్ధం ఎక్కడుందో చెబుతాను. వేసవి ఆదివారాల్లో జిల్లా పేజీలో వచ్చే ‘ఆత్మీయ సమ్మేళనం’ వార్తలో ఉంది. శాలువాలు, జ్ఞాపికలు, ‘మధుర స్మృతులు నెమరువేసుకున్నారు’ అనే వాక్యం. సినిమాల్లోనూ ఉంది. ‘జాను’ లాంటివి చూస్తే బళ్లో ప్రతివాడికీ ఒక ప్రేమకథ ఉన్నట్టే ఉంటుంది. జోకు మాత్రం అబద్ధమాడదు. మా జోకులన్నీ వేటి మీదో లెక్క తీయండి. చింతబరికె మీద, గోడకుర్చీ మీద, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం మీద, 600కి 214 వచ్చిన మార్కుల మీద, ఒకే నిక్కరు ఉతికి ఆరేదాకా బడికి రాని సోమవారాల మీద. ఇందులో ‘బంగారు రోజులు’ ఎక్కడున్నాయి? దెబ్బలు తిన్నందుకే బాగుపడ్డామని ఉపన్యాసం ఇచ్చేవాడు అబద్ధమాడుతున్నాడు. పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది, అదే సరైనది. ఆ దెబ్బను తలుచుకుని నలుగురం నవ్వడం దాన్ని మెచ్చుకోవడం కాదు. ఒంటరిగా తిన్నదాన్ని ఇప్పుడు పంచుకోవడం.

ఇక వెళ్లిపోయిన ఆ ఒక్కడి సంగతి. వాడి ఒంటిరంగును బట్టి మేం బళ్లో ఒక పేరు పెట్టాం. గ్రూపులోనూ అదే పేరుతో పిలిచాం. ఒక సమ్మేళనంలో వాడి పక్కన కొడుకు నిలబడి ఉండగా, స్టేజీ మీదనుంచి అదే పేరుతో పిలిచాం. ఆ రాత్రి వాడు గ్రూపు వదిలాడు. 2022 నుంచి వాట్సాప్‌లో ఎవరైనా వెళ్లిపోతే అడ్మిన్‌కు తప్ప ఎవరికీ కబురు రాదు. అందుకని మాలో చాలామందికి నెల తర్వాతగానీ తెలియలేదు. ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. కాఫీ ఇచ్చాడు, గ్రూపులోకి మాత్రం తిరిగి రాలేదు. వాడిదే న్యాయం. పరిహాసపు వరసకు ఒక నియమం ఉంది: అన్నవాడు పడాలి, పడ్డవాడు అనగలగాలి. ఎప్పుడూ ఒక్కడే పడుతుంటే అది వరస కాదు, పెత్తనం. రంగు మీద, కులం మీద, అవిటితనం మీద వేసే మాటకు ఎదురు మాట ఉండదు కాబట్టి అది జోకే కాదు. విమర్శకులు ఈ మాట అనుంటే నేను చేతులు కట్టుకుని వినేవాణ్ణి. వాళ్లు అన్నది ఇది కాదు, జోకులే వద్దన్నారు. మా తప్పు జోకు వేయడం కాదు, జోకు నియమం తప్పడం.

మూడో అభియోగం, పనికొచ్చేది చేయండి అన్నది. బడికి ఫ్యాన్లు, బల్లలు ఇచ్చాం, ఇస్తూనే ఉంటాం. కానీ స్నేహానికి అదొక అర్హత పరీక్ష అయినప్పుడే ఇబ్బంది. పదివేలు వేసినవాడు ముందు వరసలో, వెయ్యి వేయలేనివాడు వెనక బెంచీలో. గతంలో మార్కులు చేసిన పనిని ఇప్పుడు చందా చేస్తుంది.

పైగా స్నేహం నిలవడానికి కావలసింది వేరు. సామ్ రాబర్ట్స్, రాబిన్ డన్‌బార్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో హైస్కూలు ముగించి విడిపోయిన పిల్లల్ని 18 నెలలు గమనించి, 2015లో ఫలితాలు ప్రకటించారు. ఆడపిల్లల స్నేహాలు మాట్లాడుకోవడం వల్ల ఎక్కువగా నిలిచాయి. మగపిల్లలవి కలిసి ఏదో ఒకటి చేయడం వల్ల నిలిచాయి. నలభై ఊళ్లలో ఉన్న నలభై మంది కలిసి కబడ్డీ ఆడలేరు. కూతకు కూత అందించినట్టు మాటకు మాట అందించగలరు. మాకు మిగిలిన ఆట అదే.

ఆ ఆట ఎందుకు పనికొస్తుందో నిరుడు తెలిసింది. మూడు రోజులు వరసగా పొద్దున ఆరింటికి ఆ ప్రశ్న రాలేదు. మొదటి రోజు ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు ఆఫీసరే ఫోన్ చేశాడు. ఆటోవాడి భార్య ఎత్తింది. గుండెపోటు, పట్నంలో ఆసుపత్రి, ఎవరికీ చెప్పొద్దన్నాడట. ఆ సాయంత్రానికి మావాళ్లు ముగ్గురు అక్కడ ఉన్నారు. డబ్బు సంగతి ఇక్కడ రాయను. వాడు ఇష్టపడడు. రోజూ గంభీరమైన వ్యాసాలు పంపేవాడు మూడు రోజులు పంపకపోతే మాలో ఒక్కరూ కనుక్కునేవాళ్లం కాదు, హమ్మయ్య అనుకునేవాళ్లం. పదో రోజున వాణ్ణి ఇంటికి పంపారు. ఆ రాత్రి గ్రూపులో ఆఫీసరు మొదటిసారి తనే అడిగాడు: “ఏరా, ఇల్లు చేరావా?” అది జోకా, కుశలప్రశ్నా అని విడదీయగల పండితుడు ఎవరైనా ఉంటే ముందుకు రావాలి.

అందుకని హుందాతనం నేర్పడానికి వచ్చే పెద్దమనుషులకు ఒక్క మనవి. మీ బ్యాచ్‌లో ఎవరు అతిగా జోకులేస్తున్నారో చూసింది చాలు. ఎవరు వేయడం మానేశారో ఒకసారి చూడండి. ఆ నంబరుకు ఇవాళే ఫోన్ చేయండి.