సిగరెట్ మానేవాడికి రూము తోడు కావాలి

ఊళ్లో ఉండగా పండక్కో పెళ్లికో ఒకటి కాల్చినవాడు గల్ఫ్‌కు వచ్చాక రోజుకో పెట్టె ఖాళీ చేయడం మనం చూస్తూనే ఉన్నాం. చెడు అలవాటని తిట్టి ఊరుకుంటే లాభం లేదు. సైట్‌లో ఊరికే కూర్చుంటే ఫోర్‌మన్ కేకేస్తాడు. చేతిలో సిగరెట్ ఉంటే ఐదు నిమిషాలు ఏమీ అనడు. మనవాళ్లలో చాలామందికి కావలసింది ఆ ఐదు నిమిషాలే. రాత్రి ఇంటికి ఫోన్ చేసి పెట్టేశాక పలకరించే దిక్కు లేనప్పుడూ అదే తోడు. మానమని చెప్పేవాళ్లు ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

పదేళ్లు తాగాక ఇప్పుడు మానితే ఏమొస్తుందని అడిగేవాళ్లున్నారు. చాలా వస్తుంది. చివరి సిగరెట్ ఆర్పిన 20 నిమిషాలకే గుండె వేగం, బీపీ తగ్గడం మొదలవుతుంది. రక్తంలో చేరిన కార్బన్ మోనాక్సైడ్ రోజు, రెండు రోజుల్లో పోతుంది. కొన్ని నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుతాయి. ఏడాది గడిచేసరికి గుండెజబ్బు ముప్పు తాగేవాడితో పోలిస్తే సుమారు సగానికి పడిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అసలే మండుటెండలో ఇనుము మోసే గుండె మనది.

ఇక డబ్బు. 2017 జూన్‌లో సౌదీ, అక్టోబరులో ఎమిరేట్స్ పొగాకు మీద నూటికి నూరు శాతం ఎక్సైజ్ పన్ను వేశాయి. రోజుకు 10 దిర్హములే అనుకున్నా నెలకు 300, ఏడాదికి 3,650. ఏజెంటు కోసం చేసిన అప్పుకు వడ్డీ ఇందులోనే తీరుతుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు ఎన్నో ఇళ్లలో మగవాళ్లు ఇక్కడుంటే ఆడవాళ్లు అక్కడ తునికాకు కత్తిరించి, వంచిన మెడ ఎత్తకుండా బీడీలు చుడుతున్నారు. ఆ కూలి ఎంతో, ఇక్కడ పెట్టె ధర ఎంతో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

మానడం మాత్రం తేలిక కాదు. మొదటి రెండు మూడు రోజులు నాలుక పీకేస్తుంది. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఎంత తిన్నా ఆకలి. కొందరికి కొన్నాళ్లు దగ్గు పెరుగుతుంది, నాలుగైదు కిలోల బరువూ పెరగవచ్చు. భయపడి మళ్లీ ముట్టించనక్కరలేదు. చాలామటుకు రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. తాగాలనే కోరిక ఒక్కోసారి ఉండేది కొద్ది నిమిషాలే. అప్పుడు మంచినీళ్లో, నోట్లో కాస్త సోంపో, నాలుగడుగుల నడకో. ఫార్మసీలో నికోటిన్ గమ్, ఒంటికి అంటించుకునే పట్టీలు దొరుకుతాయి. ఉత్త పట్టుదల కన్నా వాటితో మానగలిగే అవకాశం ఎక్కువ. గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి వాడాలి. సిగరెట్ వదిలి మిద్వాఖ్ గొట్టం పట్టుకోవడం, సెలవు రోజు షీషా ముందు కూర్చోవడం మానడం కిందికి రాదు.

రంజాన్ నెల గుర్తు చేసుకోండి. ఉపవాసం లేని మనవాళ్లు కూడా పగలంతా బయట సిగరెట్ ముట్టించరు. అన్ని గంటలు ఎలా ఆగగలిగారు? చుట్టూ కాల్చేవాడు లేడు, ఇచ్చేవాడూ లేడు. అంతే తేడా. మన రూముల్లో జరిగేది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఒకడు మానేశానంటే చాలు, ఎన్నాళ్లో చూద్దామని నవ్వు. మూడో రోజు వాడు విసుక్కుంటే, "ఒక్కటే లేరా, ఏం కాదు" అని పెట్టె ముందుకు చాపుతాం. స్నేహమంటే అదేనా?

ఏసీ వేసి కిటికీలు మూసిన రూములో ఎనిమిది మంచాలుంటే, ఒకడి పొగ ఎనిమిది మందీ పీల్చాల్సిందే. కాబట్టి మేమనేది ఇదీ. కాల్చేవాళ్లు బయటికెళ్లి కాల్చాలి. మానేవాడికి ఎవరూ సిగరెట్ ఇవ్వకూడదు. ఆ రెండు మూడు వారాలు వాడు కసిరినా కాస్త ఓర్చుకోవాలి. మళ్లీ మొదలుపెడితే ఎగతాళి చేయకూడదు. రెండోసారో మూడోసారో ప్రయత్నించి గట్టెక్కినవాళ్లు మనలోనే ఉన్నారు.

కంపెనీల వంతూ ఉంది. క్యాంపు క్లినిక్‌లో తలనొప్పి మాత్రలతో పాటు నికోటిన్ పట్టీలూ ఉంచవచ్చు. సిగరెట్ తాగేవాడికి దొరికే ఐదు నిమిషాల విశ్రాంతి తాగనివాడికీ ఇవ్వాలని మన సంఘాలవాళ్లు కంపెనీ మేనేజర్లను కలిసినప్పుడు అడగాలి. జీతం పెంచమన్నంత పెద్ద కోరికేమీ కాదిది.